ఫోల్డర్లకు దగ్గఱిత్రోవలు

వంటయింటి పొందిక యెఱిఁగిన ఇల్లాలు బియ్యపుగాదెను పొయ్యిప్రక్క నుంచదు. పోపులపెట్టెను అటుకమీఁదఁ బెట్టదు. ఏడాదికిఁ జాలు సరకు లోపలిగదిలో నుండును. దినమునకుఁ బదిమాఱులు కావలసినది చేయి చాఁచినంత దూరములో నుండును. తల్లులవలన మనకు వచ్చిన యీ నేర్పును కంప్యూటరునందును వినియోగించుకొనవచ్చునని సోదరీమణులకు మనవి చేయుచున్నాను.

నేఁడు పలువురు స్త్రీలు ఇంటనుండియే శుభలేఖలు, రవికలపై కుట్టుపనికిఁ గావలసిన నమూనాలు, చీరయంచుల చిత్రములు కంప్యూటరుపైఁ దీర్చి నాలుగు రూపాయ లార్జించుచున్నారు. వారికి దొరకు తీఱిక మధ్యాహ్నభోజనమైన పిమ్మట, పిల్లలు బడినుండి వచ్చులోపలనే. ఆ స్వల్పకాలములో ఒక్కొక్క చిత్రమునకై నాలుగైదు ఫోల్డర్లు దాఁటిపోవుట వృథాప్రయాస. అంతకంటె నాపద వేఱొకటి కలదు. తొందరలోఁ బేరు పోలికనుబట్టి పాతప్రతిని దెఱచుట సులభము. ముహూర్తము మాఱినదని దిద్దిన శుభలేఖ యొకచోట నుండఁగా, దిద్దనిది ముద్రణాలయమునకుఁ బోయెనేని కాగితపు వ్యయము ఆమె నెత్తినఁ బడును. మాట పోవుట అంతకన్న నష్టము.

కంప్యూటరు తెరపై ఫోల్డరు బొమ్మలను జూపు పద్ధతి 1981లో జిరాక్స్ స్టార్ అను యంత్రముతో విక్రయమునకు వచ్చినది. 1984లో వెలువడిన మాకింటాష్ దానిని జనులలో వ్యాపింపఁజేసినది. ఫోల్డర్లు ఒకదానిలో నొకటి పెరిగిన కొలఁది దగ్గఱిత్రోవ యవసరమైనది. 1991లో ఆపిల్‌వారు సిస్టమ్ 7నందు ‘ఏలియస్’ అనియు, 1995లో మైక్రోసాఫ్ట్‌వారు విండోస్ 95నందు ‘షార్ట్‌కట్’ అనియు దీనినే ప్రవేశపెట్టిరి. 2015లో వచ్చిన విండోస్ 10నందు ‘క్విక్ యాక్సెస్’ అను పట్టిక చేరినది.

మొదట దీని తత్త్వము తెలియవలెను. షార్ట్‌కట్ వస్తువు కాదు; వస్తువున్న చోటు వ్రాసిన చీటి. చీటిని జింపినంత మాత్రమున ఇల్లు కూలదు. ఇల్లు మాఱినచోఁ జీటి కొఱగాకపోవచ్చును. కావున షార్ట్‌కట్ బొమ్మను మాత్రము పెన్‌డ్రైవులోనికి నకలు చేసికొని ముద్రణాలయమునకుఁ బోయిన యామెకు అచ్చట ఖాళీచీటియే మిగులును. చిత్ర మింటనే యుండును. అసలు ఫైలునే కొనిపోవలెను.

విండోస్‌నందుఁ జేయవలసిన దిది. ఫైల్ ఎక్స్‌ప్లోరరును దెఱచి, మీకుఁ దఱచుగాఁ గావలసిన ఫోల్డరుపై మౌసు కుడిమీట నొక్కి, ‘పిన్ టు క్విక్ యాక్సెస్’ అనుదానిని ఎన్నుకొనుఁడు. ఆ పేరు ఎడమవైపు పట్టికలోఁ జేరును. పేళ్లను మౌసుతోఁ బట్టి పైకిని క్రిందికిని జరిపి మీకు నచ్చిన వరుసలో నుంచవచ్చును. కోరల్‌డ్రా, ఫొటోషాప్ మున్నగువానిలో ఫైలు తెఱచునపుడు వచ్చు విండోస్ పెట్టెలోఁ గూడ ఆ పట్టికయే కనఁబడును. మాకింటాష్‌నందు ఫోల్డరును ఫైండరు ప్రక్కపట్టికలోనికి లాగి విడిచినఁ జాలును.

ఉచితముగా లభించు గింప్ అను చిత్రసాధనమునకు మాత్రము పట్టిక వేఱు. దాని ‘ఓపెన్’ పెట్టెలో ఫోల్డరుపై కుడిమీట నొక్కి ‘యాడ్ టు బుక్‌మార్క్స్’ అనవలెను. విండోస్‌లోఁ బిన్ చేసినది గింప్‌లోఁ గానరాలేదని కలఁతపడనక్కఱలేదు. అచ్చట మరల నొకమాఱు చేర్చుకొనవలెను.

పని ముగిసిన పిమ్మట ఆ పేరును బట్టికనుండి తీయునపుడు జాగ్రత్త వలయును. ‘అన్‌పిన్’ అనఁగాఁ జీటిని దీయుట. ‘డిలీట్’ అని అసలు ఫోల్డరుపైఁ బ్రయోగించినచో ఇల్లే పోవును. ఈ రెంటి భేదమును మఱువరాదు. మఱియుఁ బెన్‌డ్రైవులోని ఫోల్డరును బట్టికలోఁ జేర్చినచో, ఆ డ్రైవు తగిలించి యుండనప్పుడు అది తెఱచుకొనదు.

పట్టికలో నెన్ని పేళ్లుండవలె నన్నచో, అయిదాఱు చాలును. ముప్పది యైనచో అదియు నొక యడవియే. ‘జరుగుచున్నవి’, ‘ముద్రణకు సిద్ధము’, ‘పూవులు-అంచులు’, ‘అక్షరరూపములు’, ‘ముగిసినవి’ అని యుంచుకొనవచ్చును. దిద్దుబాటు ముగిసి, వధువువారో వరునివారో చూచి సరే యన్న ప్రతి యొక్కటియే ‘ముద్రణకు సిద్ధము’లో నుండవలెను, ముద్రణాలయమునకుఁ బంపునది అందుండియే తీయవలెను. ఈ నియమము పాటించినచో ముహూర్తము తాఱుమాఱగు భయము చాలవఱకుఁ దీఱును. ఫైలు పేరునకు మొదట 2026-02-14 అని సంవత్సరము, నెల, దినము వరుసగా వ్రాసినచో, పేరువారీగా నమర్చినపుడు అవి కాలక్రమమున నిలుచును.

సోదరీమణులారా! ఇదంతయుఁ జేయుటకుఁ బావుగంట పట్టునేమో. పిదప దినదినమును మిగులు నిమిషములు మీవి. వానితో నొక పూవును మఱింత నేర్పుగాఁ దీర్చుకొనుఁడు, లేదా కాసేపు నడుము వాల్చుఁడు. రెండును మీకుఁ దగినవే.