బొమ్మ గీస్తే పట్టిక పుడుతుందా?

మన బాగేపల్లి తాలూకాలో ఒకప్పుడు పహణి చేతితో రాసి ఇచ్చేవారు. 2000 సంవత్సరం తరువాత 'భూమి' పథకం కింద అవి కంప్యూటరుకెక్కాయి. అప్పటికి మనది కోలారు జిల్లా. చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో గదా వచ్చింది! యంత్రంలో ఇలాంటి వివరాలు పట్టికలుగా ఉంటాయి. ఆ పట్టికలు కట్టే ఆజ్ఞలను మనిషి రాయనక్కరలేదు, బొమ్మ గీస్తే చాలంటారు. అదెలాగో చూద్దాం. 'భూమి'ని ఇలాగే కట్టారని నేననడం లేదు, తెలిసిన పహణితో చెబితే సులువుగా బోధపడుతుందని.

మేస్త్రీ ఇంటికి ముగ్గు పోసినట్టే, ప్రోగ్రాం రాసేవారు ముందుగా బొమ్మ గీసుకుంటారు. ఇందుకు ఒక పద్ధతిని పీటర్ చెన్ 1976లో ప్రచురించారు. 'రైతు' ఒక గడి, 'సర్వే నంబరు' ఇంకొక గడి, రెంటినీ కలిపే గీత 'హక్కు'. గీత కొసన 'ఒకటి' అనో 'అనేకం' అనో గుర్తు పెడతారు. సాధనం ఈ బొమ్మను చదివి, గడికొక పట్టిక చొప్పున 'క్రియేట్ టేబుల్' అనే ఆజ్ఞలు రాసేస్తుంది.

చిక్కంతా ఆ కొస గుర్తులోనే ఉంది. పరగోడులో ఒక సర్వే నంబరు, 2 ఎకరాల 10 గుంటలు, ముగ్గురు అన్నదమ్ములదనుకుందాం. సర్వే నంబరుకు రైతు 'ఒకటే' అని గీస్తే, సాధనం ఒక్క పేరుకే చోటు పెడుతుంది. పెద్దవాడు ఎక్కుతాడు, తమ్ముళ్ళిద్దరూ బయటే! మూడు పేర్లూ ఆ ఒక్క చోటనే ఇరికించామా, కడసారివాడి వాటా ఎంతని అడిగితే యంత్రం లెక్క చెప్పలేదు. రెండు కొసలా 'అనేకం' అని గీస్తే మాత్రం 'హక్కు' పేరుతో మూడో పట్టిక పుడుతుంది. అందులో మనిషికొక వరుస, వరుసకు 30 గుంటలు.

అయినా వాటాలు కలిపితే 90 గుంటలే రావాలన్న నియమం ఆ గీతల్లో ఎక్కడా లేదు. దాన్ని మనిషే విడిగా రాయాలి. ఈ సాధనాలను కొందరు తెగ పొగుడుతారు గాని, నా దృష్టిలో అవి చెప్పింది చెప్పినట్టు రాసే లేఖరులు, అంతే. అందుకే ఆజ్ఞలు పుట్టించే ముందు ఆ బొమ్మను గ్రామలెక్కిగుడికీ, నలుగురు రైతులకూ చూపించాలి. గడులూ గీతలే కనుక వారికీ అర్థమవుతుంది.

పేర్లు నిండాక బొమ్మ మారిస్తే ఇంకొక తిప్పలు. కొన్ని సాధనాలు పాత పట్టికను చెరిపి కొత్తది కట్టే ఆజ్ఞలిస్తాయి. ముందు నకలు తీసుకుని, ఆ ఆజ్ఞలు వరుసగా చదివాకే నడపాలి.