ఖడ్గమృగం అడుగుజాడల్లో... మూడు రోజులు!

జీపు దిగి, గడ్డిలో నడుచుకుంటూ వెళ్లి, రెండు టన్నుల ఖడ్గమృగం ఎదుట నిలబడితే..? మర్నాడు తెల్లారేసరికి తాటిచెట్ల మధ్య సింహాల కోసం వెతికి, మధ్యాహ్నం నైలు నదిలో లాంచీ ఎక్కి, మొసళ్ల పక్కనుంచే జలపాతం దాకా వెళ్తే..? ఆఫ్రికాలోని ఉగాండాలో ఇవన్నీ మూడు రోజుల్లో అయిపోతాయి. కానీ ఆ మూడు రోజుల వెనక ఓ దేశం పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకుంటున్న నలభై ఏళ్ల కథ ఉంది.

ఉగాండా రాజధాని కంపాలా నుంచి ఉత్తరంగా గులూ పట్టణం వైపు వెళ్లే రహదారి మీద దాదాపు 180 కిలోమీటర్లు వెళ్తే 'జీవా' వస్తుంది. స్వాహిలీ భాషలో ఆ మాటకు సరస్సు అని అర్థం. మన చెవికి మాత్రం 'జీవం' అన్నట్టే వినిపిస్తుంది. ఆ పేరు తనకు ఎంత నప్పుతుందో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. ఎందుకంటే, దేశం మొత్తమ్మీద ఒక్కటంటే ఒక్కటి కూడా మిగలకుండా పోయిన ఖడ్గమృగాలు మళ్లీ ప్రాణం పోసుకున్నది ఇక్కడే.

ఒకప్పుడిది పశువుల్ని మేపుకునే పెద్ద క్షేత్రం. ఇప్పుడు దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఇక్కడ వాహనంలో కూర్చుని చూడటం కుదరదు. కొంతదూరం బండిలో తీసుకెళ్లి, ఆ తర్వాత దిగి నడవమంటారు. ముందు రేంజరు, వెనక ఒకరి తర్వాత ఒకరుగా పర్యాటకులు. అడుగు పెట్టకముందే పాఠం మొదలవుతుంది. గట్టిగా మాట్లాడకూడదు. గుంపు విడిచి పక్కకు వెళ్లకూడదు. ఖడ్గమృగం మీదికొస్తే దగ్గర్లో ఉన్న చెట్టెక్కాలి, లేదంటే చెట్టు చాటుకు వెళ్లాలి. వినగానే పిల్లలు నవ్వుతారు, పెద్దలు చుట్టూ చెట్ల కోసం చూస్తారు!

కాస్త దూరం వెళ్లాక రేంజరు ఆగి నేలవైపు చూపిస్తాడు. మూడు వేళ్ల పెద్ద అడుగు. ఇంకాస్త ముందుకెళ్తే పేడకుప్ప. మగ ఖడ్గమృగం ఒకేచోట పేడ వేసి 'ఇది నా ఇలాకా' అని చాటుకుంటుంది. చివరికి ఓ చెట్టు నీడలో బూడిదరంగు బండరాయిలా ఏదో కనిపిస్తుంది. ఆ బండరాయి చెవులు ఆడిస్తుంది... అంతే, గుండె ఒక్కసారి ఆగినంత పనవుతుంది. మధ్య ఉన్న దూరం ముప్ఫై మీటర్ల పైచిలుకు. దాని చూపు అంతంతమాత్రమే. వాసన, వినికిడి మాత్రం అమోఘం. అందుకే ఆ కాసేపూ అందరూ ఊపిరి బిగపట్టేస్తారు.

హైదరాబాద్ జూలో ఖడ్గమృగాన్ని చూసినవాళ్లకు ఓ తేడా వెంటనే తెలుస్తుంది. మన దేశపు ఖడ్గమృగానికి ఒకటే కొమ్ము. దీనికి రెండు. పేరుకు 'తెల్ల' ఖడ్గమృగమే కానీ రంగు బూడిదే. గడ్డి కొరుక్కు తినడానికి వీలుగా మూతి వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఆకులు తినే 'నల్ల' ఖడ్గమృగానికేమో పైపెదవి కొక్కెంలా వంగి ఉంటుంది. అసలు తేడా రంగులో కాదు, మూతిలో ఉందన్నమాట.

ఒక్కటీ మిగల్లేదు!

1960ల్లో ఉగాండాలో ఈ రెండు రకాలూ వందల సంఖ్యలో ఉండేవి. తెల్లవాటిలో ఇక్కడివి ఉత్తరాది జాతివి. వాటిలో కొన్నింటిని మరింత భద్రంగా ఉంటాయని నైలు అవతలి నుంచి మర్చిసన్ ఫాల్స్ జాతీయ పార్కుకు తరలించారు కూడా. కానీ భద్రత అన్న మాటకే అర్థం లేని రోజులు ముందున్నాయని అప్పుడెవరికీ తెలియదు.

1971లో ఇదీ అమీన్ గద్దెనెక్కాడు. 1972లో ఆసియా సంతతివాళ్లంతా తొంభై రోజుల్లో దేశం విడిచిపోవాలన్నాడు. తరతరాలుగా అక్కడే బతికిన వేలాది భారతీయ కుటుంబాలు కట్టుబట్టలతో బయటపడ్డాయి. మనుషులకే దిక్కులేనిచోట మృగాలకెవరు దిక్కు? 1979లో అమీన్ పారిపోయాక కూడా అంతర్యుద్ధం ఆగలేదు. తుపాకులు ఎవరి చేతికి పడితే వాళ్ల చేతికి వచ్చాయి. సైనికులు, వేటగాళ్లు మాంసం కోసం, దంతాల కోసం, కొమ్ముల కోసం అడవుల్ని తుడిచిపెట్టేశారు. మన గోళ్లు, జుట్టు ఏ పదార్థంతో తయారవుతాయో ఖడ్గమృగం కొమ్ము కూడా దాంతోనే తయారవుతుంది. దానిలో మందుగుణం ఏమీ లేదు. అయినా ఆ నమ్మకమే దాని ప్రాణం తీసింది. 1980ల మొదటికల్లా ఉగాండా అడవుల్లో ఖడ్గమృగం అన్నదే లేకుండాపోయింది.

నంది కొడుకు... ఒబామా!

పోయినవాటిని తిరిగి తేవాలని కొందరు పట్టుబట్టారు. 1997లో 'రైనో ఫండ్ ఉగాండా' అనే సంస్థ పుట్టింది. 2001లో రెండు ఖడ్గమృగాల్ని తెచ్చి ఎంటెబ్బెలోని జంతు ప్రదర్శనశాలలో ఉంచారు, పిల్లలకు కనీసం అదెలా ఉంటుందో తెలియాలని. ఆ తర్వాత జీవా సిద్ధమైంది. 2005లో కెన్యాలోని సొలియో రాంచ్ నుంచి నాలుగు వచ్చాయి. 2006లో మరో రెండు ఏకంగా అమెరికా నుంచి విమానంలో దిగాయి. ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పంపిన కానుక అది!

ఆ అమెరికా ఆడ ఖడ్గమృగం పేరు నంది. మన శివాలయంలోని నంది కాదు, అది ఆఫ్రికా పేరే. కెన్యా నుంచి వచ్చిన మగదాని పేరు తలియో. ఖడ్గమృగం పదహారు నెలలు మోస్తుంది. అలా మోసి 2009 జూన్‌లో నంది ఓ మగబిడ్డను కంది. పాతికేళ్లకు పైగా గడిచాక ఉగాండా నేలమీద పుట్టిన మొదటి ఖడ్గమృగం అది. తండ్రిది కెన్యా, తల్లిది అమెరికా... ఇంకేం పేరు పెడతారు? ఆ ఏడాదే అమెరికా అధ్యక్షుడైన ఒబామా పేరే పెట్టేశారు!

ఆరుతో మొదలైన మంద ఇప్పుడు నలభై దాటింది. ఈ లెక్క వెనక పెద్ద కాపలా ఉంది. పగలనక రాత్రనక, ఎండనక వాననక రేంజర్లు వాటి వెంటే ఉంటారు. ఏది ఎక్కడ మేసింది, ఎప్పుడు పడుకుంది, ఎవరితో పోట్లాడింది... అన్నీ రాసుకుంటారు. పొలంలో మంచె మీద రైతు పంటను కాసినట్టు ఇక్కడ ఖడ్గమృగాల్ని కాస్తున్నారు. పర్యాటకులకు దారి చూపేదీ ఆ కాపలావాళ్లే. నడకకు కట్టే రుసుము ఆ కాపలాకు ఆసరా అవుతుంది.

అయితే పోయినదంతా తిరిగి రాలేదు. జీవాలో ఉన్నవి దక్షిణాది జాతివి. ఉగాండా పోగొట్టుకున్న ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల్లో చివరి మగది 'సుడాన్' 2018 మార్చిలో కెన్యాలో కన్నుమూసింది. ఆ తర్వాత లోకంలో మిగిలినవి దాని కూతురు నాజిన్, మనవరాలు ఫాటూ మాత్రమే. శాస్త్రవేత్తలు దక్షిణాది ఆడవాటి గర్భంలో ఉత్తరాది పిండాల్ని పెంచాలని ప్రయత్నిస్తున్నారు.

తాటివనంలో సింహాలు

జీవా నుంచి మసిండి పట్టణం మీదుగా వెళ్తే మర్చిసన్ ఫాల్స్ పార్కు. దారిలో ఆకలేస్తే రోడ్డు పక్క బండి మీద 'రోలెక్స్' దొరుకుతుంది. చేతి గడియారం కాదు... చపాతీలో ఆమ్లెట్టు పెట్టి చుట్టిచ్చే ఫలహారం! 'రోల్డ్ ఎగ్స్' అన్న మాటే అలా మారిందంటారు. చపాతీ ఆ దేశానికి వెళ్లింది మనవాళ్లతోనే. పేరు కూడా అక్కడ చపాతీయే.

1952లో జాతీయ పార్కు అయిన మర్చిసన్ దాదాపు 3,840 చదరపు కిలోమీటర్లతో ఉగాండాలోకెల్లా పెద్దది. నైలు నది దీన్ని రెండుగా చీలుస్తూ పోతుంది. జంతువుల్ని చూడటానికి వెళ్లేది ఎక్కువగా ఉత్తరపు ఒడ్డుకే. పొద్దు పొడవకముందే బయల్దేరాలి. ఎండెక్కితే సింహాలు పొదల్లో దూరిపోతాయి.

మంచు తెర తొలగుతుంటే కనిపించే దృశ్యం తెలుగువాళ్లకు కొత్తగా ఉండదు. బారులు తీరిన తాటిచెట్లు! మన తాటికి ఇది ఆఫ్రికా దాయాది. ఏనుగులకు ఈ పండ్లంటే ప్రాణం. తిని, నడిచినంత మేరా టెంకల్ని పేడతో పాటు వదిలేస్తాయి. అంటే ఈ తాటివనంలో చాలా చెట్లు ఏనుగులు నాటినవే. ఆ చెట్ల మధ్య నుంచి తలలు పైకెత్తుకుని జిరాఫీలు నడిచొస్తాయి. మోకాళ్ల కింద మచ్చలుండవు కాబట్టి తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టుంటాయి. ఈ రకం జిరాఫీలు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఉగాండా రాజముద్రలో చోటు దక్కించుకున్న కాబ్ జింకలు గుంపులుగా మేస్తుంటాయి. అవి ఒక్కసారి తలలెత్తి ఒకే వైపు చూశాయంటే డ్రైవరు బండి ఆపేస్తాడు. అటే ఎక్కడో సింహం ఉందని లెక్క.

ఆఫ్రికాలో కాలినడకన వేటాడటం మహా కష్టమని పాత వేటగాళ్లు అయిదు జంతువుల్ని 'బిగ్ ఫైవ్' అన్నారు. సింహం, చిరుత, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం. మొదటి నాలుగూ మర్చిసన్‌లో ఉన్నాయి. అయిదోదాని కోసమే పర్యాటకులు దారిలో జీవాలో ఆగుతారు.

లాంచీలో... జలపాతం దాకా

మధ్యాహ్నం 'పారా' రేవు నుంచి లాంచీ కదులుతుంది. నదికి ఎదురు దిక్కుగా దాదాపు 17 కిలోమీటర్లు. పాపికొండల ప్రయాణం గుర్తొస్తుంది కానీ ఇక్కడ చెయ్యి నీళ్లలో పెట్టాలన్న ఆలోచనే రాకూడదు. ఒడ్డు పొడవునా నీటిగుర్రాలు! చెవులు, కళ్లు, ముక్కు మాత్రం పైకి పెట్టి పగలంతా నీళ్లలోనే ఉంటాయి. ఎండకు వాటి చర్మం కమిలిపోతుంది మరి. చీకటి పడ్డాకే గట్టెక్కి గడ్డి మేస్తాయి. ఇసుక దిబ్బల మీద నైలు మొసళ్లు నోళ్లు తెరుచుకుని పడుకుంటాయి. అది కోపం కాదు, ఒంటి వేడి తగ్గించుకునే ఉపాయం.

మలుపు తిరగ్గానే నీటిమీద నురగ తెట్టెలు కనిపిస్తాయి. ఆ తర్వాత హోరు. విక్టోరియా సరస్సు దగ్గర జింజాలో మొదలై వచ్చిన నైలు ఇక్కడ ఏడు మీటర్ల వెడల్పున్న రాతి సందులోంచి దూరి, నలభై మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకుతుంది. జింజా అంటే మనకూ ఓ బంధం ఉంది. గాంధీజీ చితాభస్మంలో కొంత 1948లో అక్కడే నైలులో కలిపారు.

1864లో ఇక్కడికొచ్చిన శామ్యూల్ బేకర్ ఈ జలపాతానికి లండన్ రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు మర్చిసన్ పేరు పెట్టాడు. 1962లో వరదలొచ్చినప్పుడు నది పక్కనే మరో దారి చేసుకుని రెండో జలపాతమై దూకింది. ఉగాండాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది కదా, దానికి 'ఉహురు' అని పేరొచ్చింది. స్వాహిలీలో స్వేచ్ఛ అని అర్థం.

మళ్లీ పరీక్షే!

యుద్ధాలు పోయాయి, ప్రమాదం పోలేదు. పార్కు చుట్టుపక్కల పేద పల్లెల నుంచి వచ్చేవాళ్లు మాంసం కోసం తీగ ఉచ్చులు పన్నుతారు. జింక కోసం పెట్టిన ఉచ్చులో జిరాఫీ కాలు తెగుతుంది. మరోపక్క ఈ నేల కింద చమురు దొరికింది. 2023లో పార్కు లోపలే బావుల తవ్వకం మొదలైంది. దేశానికి ఆదాయం కావాలని ప్రభుత్వం అంటోంది. ఏనుగుల దారులు, నది ఏమవుతాయని పర్యావరణవేత్తలు అడుగుతున్నారు.

చమురున్నది ఉత్తరపు ఒడ్డున. జిరాఫీలూ అక్కడే. అన్నీ ఒక్కచోటే ఉంటే ముప్పని 2016లో 18 జిరాఫీల్ని పట్టి, బల్లకట్టు మీద నైలు దాటించి, దక్షిణపు ఒడ్డున వదిలారు. మెడలు చాచి నది దాటిన ఆ జిరాఫీలకు అవతల కొత్త కాపురం కుదిరింది.

జీవా ఖడ్గమృగాల్ని కూడా ఏదో ఒకనాడు జాతీయ పార్కుల్లోకి పంపాలన్నదే మొదటి నుంచీ అనుకున్న లక్ష్యం. జీవా పుట్టిల్లు మాత్రమే. అందుకే లాంచీ వెనుదిరుగుతుంటే ఒడ్డున ఏనుగుల్ని, దున్నల్ని లెక్కపెట్టే పర్యాటకుల మనసు నిన్న చెట్టు నీడలో చెవులాడించిన ఆ బూడిదరంగు బండరాయి మీదికే వెళ్తుంది. దాని తాతల కాలంలో ఖాళీ అయిన చోటు ఈ ఒడ్డునే ఉంది మరి!

వెళ్లాలనుకుంటే...

* డిసెంబరు నుంచి ఫిబ్రవరి, జూన్ నుంచి సెప్టెంబరు అనువైన కాలం. గడ్డి పొట్టిగా ఉండి జంతువులు బాగా కనిపిస్తాయి.

* ఉగాండా వెళ్లడానికీ, తిరిగి మన దేశంలో అడుగుపెట్టడానికీ ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మందుల కోసం డాక్టర్‌ని అడగాలి.

* ముదురు నీలం, నలుపు దుస్తులు వద్దు. సెట్సీ ఈగలు ఆ రంగుల మీదే వాలతాయి. నడకకు పొడుగు ప్యాంటు, మూసిన బూట్లు ఉండాలి.

* ఖడ్గమృగాల్ని చూడటానికి పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ మేలు. మిట్టమధ్యాహ్నం అవి నిద్రలో ఉంటాయి.