రేపటి సంగతి సరే, నేనెవరు?

వీరబ్రహ్మంగారిని మనం జోస్యం కోసమే తలుచుకుంటున్నాం. ఆయన చుట్టూ చేరిన మనుషుల ప్రశ్నలు అంతకంటే పెద్దవి.

ఎక్కడ వరదొచ్చినా, కొత్త రోగం పుట్టినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనుకోవడం మనకు అలవాటు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో ఆయన కాలజ్ఞానం రాశారని కర్నూలు సీమలో పిల్లలకూ తెలుసు. ఆ కథలో నన్ను కట్టిపడేసేది వేరే ఘట్టం. పశువుల కాపరి ఎవరో తెలుసుకున్న అచ్చమ్మ, తనకు ఉపదేశం చేయమని ఆయన్నే వేడుకుంది. చావు ముందర ఆసామి, జీతగాడు ఒకటేనని ఆమెకు అర్థమైంది.

కక్కయ్య కత్తి

కడప జిల్లా కందిమల్లాయపల్లె ఇప్పటి బ్రహ్మంగారిమఠం. అక్కడ, దేహంలోనే చక్రాలున్నాయని, వాటిలో దేవతలుంటారని బ్రహ్మంగారు తన శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుంటే మాదిగ కక్కయ్య విన్నాడట. ఇంటికెళ్లి, నిద్రలో ఉన్న భార్యను కత్తితో కోసి చూశాడు. నెత్తురు, పేగులు, ఎముకలు తప్ప దేవుళ్లెవరూ కనబడలేదు. పరుగున వచ్చి 'నీ మాట అబద్ధం' అని గురువును నిలదీశాడు. బ్రహ్మంగారు ఆమెను బతికించారని కథ.

బ్రహ్మంగారు జీవించిన 17వ శతాబ్దంలోనే ఫ్రాన్స్ తత్వవేత్త డెకార్ట్, ఆత్మకు ముఖ్యమైన చోటు మెదడులోని పీనియల్ గ్రంథి అన్నాడు. ఇద్దరిదీ ఒకే వెతుకులాట. విన్నదాన్ని గుడ్డిగా నమ్మకుండా పరీక్షించాలనుకోవడంలో కక్కయ్య తప్పు లేదు. కానీ ఆ పరీక్షకు ఇంకొకరి ప్రాణాన్ని పెట్టాడు. అది ఘోరం. అతను వెతికింది ఆమె ఊపిరిలో కళ్లెదుటే ఉంది. కత్తి దిగగానే పోయింది. సత్యం కోసమే అయినా సరే, పక్కమనిషిని బలిపెట్టే అన్వేషణను నేను తత్వం అనలేను.

సిద్ధయ్య కన్నీళ్లు

1693లో వైశాఖ శుద్ధ దశమినాడు బ్రహ్మంగారు సజీవ సమాధిలోకి వెళ్లారని సంప్రదాయం చెబుతుంది. దానికి ముందు ప్రియశిష్యుడు, దూదేకుల బిడ్డ సిద్ధయ్యను పూలు తెమ్మని బనగానపల్లెకు పంపారట. తిరిగొచ్చేసరికి గురువు లేరు. సిద్ధయ్య తల బాదుకుని ఏడ్చాడు. దేహం నిలవదని ఆ గురువు దగ్గరే నేర్చుకున్నవాడు ఏడ్చాడు! కథ చెప్పేవాళ్లు ఆ ఏడుపును దాచలేదు, తక్కువ చేయలేదు. తెలిసినంత మాత్రాన బాధ పోదని ఒప్పుకున్న తత్వాన్నే మనిషి నమ్మగలడు.

సీమ పల్లెల్లో మనిషి పోతే రాత్రంతా తత్వాలు పాడే ఆచారంలోనూ ఆ నిజాయితీ ఉంది. వాకిట్లో శవం, తల దగ్గర దీపం. ఒకరి చేతిలో తంబుర, ఇంకొకరి చేతిలో తాళాలు. ఏడ్చేవాళ్లను ఎవరూ ఆపరు, పాట కూడా ఆగదు. పాడేవాళ్లు పగలంతా సేద్యం చేసుకునేవాళ్లే. తల్లి ఒడిలోంచి పిల్లలూ వింటారు. ప్రాణం ఎక్కడిది, ఎక్కడికి పోయింది అనే ప్రశ్న బడికి పోకముందే వాళ్ల చెవిన పడుతుంది.

రేపేం జరుగుతుందో తెలిస్తే భయమో, ధైర్యమో కలుగుతుంది, అంతే. నేనెవరని అడిగితే మాత్రం ఇంట్లోవాళ్లతో, జీతగాళ్లతో, పోయినవాళ్ల తాలూకు దుఃఖంతో మన నడవడి మార్చుకోవాల్సి వస్తుంది. కష్టమైన ప్రశ్న కాబట్టే దాన్ని పక్కనపెట్టి జోస్యాన్ని పట్టుకున్నాం. మఠానికి వెళ్లేవాళ్లు ఈసారి ఆ ప్రశ్ననే వెంట తీసుకెళ్లాలని నా కోరిక.