ఆ దీవిలో ఉడుము... ఇంటి ఆడపడుచు!

ముందు ఒక గైడు, వెనక ఒక గైడు. చేతుల్లో తుపాకులుండవు. చివర పంగలా చీలిన పొడవాటి కర్రలుంటాయి, అంతే! మధ్యలో పర్యాటకులు. గుంపు విడిచి వెళ్లొద్దు, పరుగెత్తొద్దు, ఒంటిమీద గాయం ఉంటే ముందే చెప్పాలి... బయల్దేరకముందే ఇన్ని జాగ్రత్తలు. కాస్త దూరం నడిచాక చెట్టు నీడలో ఎండిన దుంగలా పడి ఉన్నదేదో మెల్లగా కదిలి, పసుపుపచ్చని నాలుక చాస్తుంది. అదే కొమోడో డ్రాగన్. ఉడుముల జాతికి చెందిన ఈ జీవి ప్రపంచంలోకెల్లా అతిపెద్ద బల్లి!

ఇండొనేషియాలోని కొమోడో జాతీయ పార్కులో అడవి నడక ఇలాగే మొదలవుతుంది. బాలి నుంచి విమానంలో ఫ్లోరెస్ దీవిలోని లబువాన్ బాజో పట్టణానికి చేరుకోవాలి. అక్కణ్నుంచి పడవ ప్రయాణం. కొమోడో, రించా, పదార్ అనే మూడు పెద్ద దీవులూ చుట్టూ ఉన్న చిన్నాచితకా దీవులూ కలిపి 1980లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 1991లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

ఉష్ణమండల దీవి అనగానే దట్టమైన అడవీ జోరువానా గుర్తొస్తాయి. ఇక్కడ ఆ రెండూ తక్కువే. ఇండొనేషియాలో వానలు బాగా తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. ఏడాదిలో చాలా నెలలు కొండలన్నీ ఎండుగడ్డితో గోధుమరంగులో మెరుస్తుంటాయి. మధ్యమధ్య తాటిచెట్లు. అచ్చంగా మన తాటిచెట్లే! తెలుగువాళ్లెవరైనా వెళితే సొంతూరి పొలిమేరలో ఉన్నామా అనుకోవాల్సిందే... తల తిప్పితే కనిపించే నీలిసముద్రం లేకపోతే.

కాటేస్తే విషమే!

పెద్ద మగ డ్రాగన్ మూడు మీటర్ల వరకూ పెరుగుతుంది. నాలుకతోనే వాసన పట్టి కిలోమీటర్ల దూరంలోని కళేబరాన్ని కనిపెట్టేస్తుంది. ఒక్కపూటలో తన బరువులో 80 శాతం దాకా తినేయగలదు. దీని నోట్లోని బ్యాక్టీరియా వల్లే జంతువులు చనిపోతాయని చాలాకాలం అనుకున్నారు. కింది దవడలో విషగ్రంథులు ఉన్నాయని 2009లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల చేసే మొదటి పని... చెట్టెక్కేయడం. కిందే ఉంటే పెద్ద డ్రాగన్లు మింగేస్తాయి మరి!

మనుషులకీ ముప్పు లేకపోలేదు. 1974లో ఇక్కడికొచ్చిన ఓ స్విస్ యాత్రికుడు మళ్లీ కనిపించలేదు. 2007లో ఎనిమిదేళ్ల బాలుడు డ్రాగన్ దాడిలో చనిపోయాడు.

కవల చెల్లెలు

అయినా కొమోడో గ్రామస్థులు దానిమీద పగ పెంచుకోలేదు. వాళ్ల భాషలో దాని పేరు 'ఓరా'. దాని గురించి తరతరాలుగా ఓ కథ చెప్పుకుంటారు. పూర్వం ఓ రాకుమారికి కవలలు పుట్టారట. ఒకరు అబ్బాయి, మరొకరు ఉడుము రూపంలో ఉన్న అమ్మాయి. ఇద్దరూ వేర్వేరుగా పెరిగారు. పెద్దయ్యాక అబ్బాయి అడవిలో జింకను వేటాడితే, దానికోసం ఓ పెద్ద ఉడుము వచ్చింది. బల్లెం ఎత్తాడు. అంతలో తల్లి ప్రత్యక్షమై 'ఆగు, అది నీ తోబుట్టువు' అందట.

కథలోని ఆ జింకే ఇక్కడ అసలు కీలకం. డ్రాగన్లకు ముఖ్య ఆహారం అదే. పదార్ దీవే ఇందుకు సాక్ష్యం. తెలుపు, నలుపు, గులాబీ రంగు ఇసుకతీరాలు ఒకేచోట కనిపించే ఈ దీవి శిఖరానికి వందల మెట్లెక్కి మరీ వెళ్తారు పర్యాటకులు. ఒకప్పుడు అక్కడా డ్రాగన్లు తిరిగేవి. వేటగాళ్లు జింకల్ని విచ్చలవిడిగా చంపేయడంతో 1970ల్లో కనుమరుగైపోయాయి.

ఎవరిదీ దీవి?

2019లో స్థానిక ప్రభుత్వం కొమోడో దీవిని ఏడాదిపాటు మూసేసి, అక్కడి రెండువేల మంది గ్రామస్థుల్ని వేరేచోటికి తరలిస్తామంది. డ్రాగన్ల రక్షణ కోసమేనని చెప్పింది. తోబుట్టువుగా చూసుకున్న మమ్మల్నే పొమ్మంటారా అని జనం ఎదురుతిరిగారు. ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం ఆ ఆలోచన విరమించింది. కానీ కొత్త ముప్పు సముద్రం వైపు నుంచి వస్తోంది. భూతాపం వల్ల నీటిమట్టం పెరిగి, రాబోయే 45 ఏళ్లలో డ్రాగన్ల ఆవాసం కనీసం 30 శాతం తగ్గిపోతుందన్నది అంచనా. అందుకే 2021లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

జులై, ఆగస్టు డ్రాగన్లు జతకట్టే కాలం. అప్పుడు అంతగా కనిపించవు. మిగతా నెలల్లో వెళ్లినవారికి అదృష్టం బాగుంటే నీటిగుంట దగ్గరే దర్శనమిస్తాయి. నడక ముగిశాక అందరూ కెమెరాల్లో డ్రాగన్ ఫొటోలు చూసుకుంటూ మురిసిపోతుంటారు. అవతల చింతచెట్టు కింద మేస్తున్న జింకను ఎవరూ పట్టించుకోరు. ఆ దీవి భవిష్యత్తు నిలబడింది మాత్రం దానిమీదే!