నాలుగు లైన్లూ వచ్చాయా?

వారాంతంలో అర్ధరాత్రి ఆఫీసుకి వెళ్ళి రౌటర్ మార్చిన అనుభవం మనవాళ్ళలో చాలామందికి ఉండే ఉంటుంది. 2007లో నాకూ అలాంటి రాత్రి ఒకటి ఎదురయింది. అప్పట్లో న్యూజెర్సీలో ఓ చిన్న కంపెనీలో పని. పాత సిస్కో 2600 రౌటర్ తీసేసి, దాని స్థానంలో 2811 పెట్టాలి. బయటికి వెళ్ళే దారి నాలుగు టీ1 లైన్ల కట్ట. పాత కాన్ఫిగరేషన్‌లో ఇంటర్‌ఫేస్ పేర్లు మార్చి కొత్తదాంట్లో అతికించాను. పింగ్ వెళ్ళింది, మెయిల్ వచ్చింది. హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాను. సోమవారం తొమ్మిదిన్నరకి ఫోన్లే ఫోన్లు. నెట్‌వర్క్ నత్తలా పాకుతోందని అందరి గోల. చూస్తే నాలుగు లైన్లలో రెండే పనిచేస్తున్నాయి!

మరి శనివారం రాత్రి నాకెందుకు తెలియలేదు? దానికి జవాబు ఈ కట్ట పనిచేసే తీరులోనే ఉంది. ముందు అది చూద్దాం.

ఒక టీ1 లైన్‌లో 64 కిలోబిట్ల చానళ్ళు 24 ఉంటాయి. ఫ్రేమింగ్‌కి పోయే 8 కిలోబిట్లు కలిపితే మొత్తం 1.544 మెగాబిట్లు. (ఇండియాలో, గల్ఫ్‌లో, యూరప్‌లో వాడేది ఈ1. దాని వేగం 2.048 మెగాబిట్లు.) ఒకటి చాలకపోతే ఇంకొన్ని తీసుకోవాలి. కానీ నాలుగు లైన్లు పక్కపక్కన పెట్టి, రూటింగ్ ద్వారా ట్రాఫిక్ పంచితే, మామూలుగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళే ప్యాకెట్లన్నీ ఒకే లైన్ పట్టుకుంటాయి. పెద్ద ఫైలు ఒకటి పంపితే ఒక లైన్ నిండిపోతుంది, మిగతా మూడూ ఖాళీగా ఉంటాయి.

దీనికి మందు మల్టీలింక్ పీపీపీ. 1994లో మొదటిసారి ప్రమాణంగా వచ్చింది, 1996లో ఆర్ఎఫ్‌సీ 1990గా సవరించారు. పెళ్ళివారిని నాలుగు వ్యాన్లలో పంపడం లాంటిదే ఇది. బయల్దేరేటప్పుడు ప్రతివాళ్ళ చేతికీ ఒక నంబరు చీటీ ఇస్తారు. ఏ వ్యాను ముందొచ్చినా సరే, విడిది దగ్గర నంబర్ల వరుసలోనే లోపలికి పంపుతారు. ఇక్కడ ప్యాకెట్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ వరుస నంబరు తగిలించి, నాలుగు లైన్ల మీదా పంపుతారు. అవతల రౌటర్ వాటిని వరుసగా పేర్చి అతికిస్తుంది. పై పొరలకి కనిపించేది ఒక్కటే దారి, సుమారు 6 మెగాబిట్లది. ఐపీ అడ్రసు కూడా దానికే ఉంటుంది, విడి లైన్లకి ఉండదు.

సుగుణం ఏమిటంటే, ఒక లైన్ పోయినా కట్ట నిలబడుతుంది. దుర్గుణమూ అదే. ఒక్క లైన్ బతికున్నా కట్ట "అప్" అనే చెప్తుంది. శనివారం రాత్రి ఆఫీసులో నేనొక్కణ్ణే. సగం దారి నాకు సరిపోయింది. సోమవారం అందరూ వచ్చాక సరిపోలేదు.

అంచేత రౌటర్ మార్చేటప్పుడు "పింగ్ వెళ్ళిందా?" అన్నది సరైన ప్రశ్న కాదు. "ఎన్ని లైన్లు ఉండేవి, ఎన్ని వచ్చాయి?" అన్నదే ప్రశ్న. ఈ లెక్క తప్పకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో వరుసగా చూద్దాం.

1. తీసే ముందు రాసుకోండి. పాత రౌటర్ మీద "షో పీపీపీ మల్టీలింక్" కొట్టి, కట్టలో ఎన్ని లైన్లు చురుగ్గా ఉన్నాయో రాసుకోండి. ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో, దాని సర్క్యూట్ నంబరు ఎంతో కేబుల్‌కే చీటీ కట్టండి. పాతదాంట్లోనే మూడు పనిచేస్తుంటే ఆ సంగతి ముందే తెలియాలి. లేకపోతే ఆ తప్పు కొత్త రౌటర్ మీద పడుతుంది.

2. కింది నుంచి పైకి కట్టండి. ముందు కార్డు, తరవాత కంట్రోలర్, ఆ తరవాత మల్టీలింక్ ఇంటర్‌ఫేస్, చివర సీరియల్ లైన్లు. నేను దెబ్బతిన్నది మొదటి మెట్టులోనే. కొత్త రౌటర్‌లో పెట్టిన కార్డులు టీ1గానూ, ఈ1గానూ పనిచెయ్యగల రకం. ఏదో మనమే "కార్డ్ టైప్ టీ1" అని ప్రతి కార్డుకీ విడిగా చెప్పాలి. మొదటి కార్డుకి చెప్పాను, రెండోదానికి మరిచిపోయాను. చెప్పకపోతే ఆ కార్డు మీది కంట్రోలర్లే పుట్టవు. కంట్రోలర్ లేకపోతే "చానల్ గ్రూప్" లేదు, అది లేకపోతే సీరియల్ ఇంటర్‌ఫేసూ లేదు. నేను ఒక్కసారిగా అతికించిన వంద లైన్ల కాన్ఫిగరేషన్‌లో, రౌటర్ తిరస్కరించిన ఆదేశాలు తెర మీద పైకి పరిగెత్తి వెళ్ళిపోయాయి. అందుకే కొంచెం కొంచెంగా అతికించి, ప్రతిసారీ రౌటర్ ఏమందో చదవాలి.

కంట్రోలర్ మీద ఫ్రేమింగ్, లైన్‌కోడ్ అవతలివాళ్ళతో సరిపోవాలి. క్లాక్ సాధారణంగా లైన్ నుంచే తీసుకోవాలి. ఆ తరవాత ప్రతి సీరియల్ మీదా "ఎన్‌క్యాప్సులేషన్ పీపీపీ", "పీపీపీ మల్టీలింక్ గ్రూప్ 1" ఉండాలి. మొదటిది మరిచిపోతే ఆ లైన్ సిస్కో సొంత హెచ్‌డీఎల్‌సీ భాషే మాట్లాడుతుంది.

3. "నో షట్‌డౌన్" మరవకండి. తెరిచి ఉన్న పోర్టుకి పాత కాన్ఫిగరేషన్‌లో ఈ మాట కనిపించదు. కొత్త రౌటర్‌లో ఈథర్నెట్ లాంటి పోర్టులు మొదట మూసే ఉంటాయి. చూసి అతికించినవాళ్ళకి ఈ మాట దొరకదు కాబట్టి చేత్తో కొట్టాల్సిందే.

4. కేబుళ్ళన్నీ ఒకేసారి మార్చండి. "రెండు పాతదాంట్లో ఉంచి, రెండు కొత్తదాంట్లో పెడితే సర్వీసు ఆగదు కదా!" అని ఎవరికైనా తోస్తుంది. కానీ ఏ లైన్ ఏ కట్టకి చెందుతుందో అవతల రౌటర్ తేల్చుకునేది మన రౌటర్ చెప్పుకునే పేరునిబట్టి. రెండు రౌటర్ల పేర్లు వేరయితే వాటిని ఒకే కట్టలో చేర్చుకోదు. పేరు ఒకటే అయితే మరీ ప్రమాదం. నాలుగూ ఒకే కట్టనుకుని ఒకే ప్యాకెట్ ముక్కల్ని రెండు రౌటర్లకీ పంచుతుంది. సగం పెళ్ళివారు ఒక విడిదికి, సగం ఇంకో విడిదికి చేరినట్టే. ఏ రౌటరూ ప్యాకెట్‌ని పూర్తిగా అతికించలేదు. పది నిమిషాలు ఆపి అన్నీ మార్చడమే మేలు.

5. ఒక్కోటి పీకి చూడండి. నాలుగూ వచ్చాక ఒక కేబుల్ పీకండి. పింగ్ ఆగకూడదు, లెక్క మూడుకి దిగాలి. తిరిగి పెడితే నాలుగు కావాలి. నాలుగింటితోనూ ఇలాగే చెయ్యండి.

6. తప్పుల లెక్క చూడండి. "షో కంట్రోలర్స్ టీ1"లో స్లిప్‌లు పెరుగుతుంటే క్లాక్ తేడా ఉన్నట్టు. "షో పీపీపీ మల్టీలింక్"లో పోయిన ముక్కల సంఖ్య పెరుగుతుంటే ఏదో ఒక లైన్ జబ్బుగా ఉన్నట్టు. చచ్చిన లైన్ కన్నా జబ్బు లైన్ ప్రమాదం. ఒక వ్యాను దారిలో ఆగిపోతే మిగతావాళ్ళంతా విడిది గుమ్మంలో నిలబడాలి కదా! అలాంటి లైన్‌ని మూసేసి, బాగుచేయించాకే తిరిగి కలపాలి.

ఇంకో జాగ్రత్త. కట్టకి ఒక్కదానికే అలారం పెడితే చాలదు, లోపలి ప్రతి లైన్‌కీ పెట్టాలి. ఇన్ని లైన్లకన్నా తగ్గితే కట్టనే దించెయ్యమని చెప్పే ఆదేశం కూడా ఉంది. ఇంకో దారి సిద్ధంగా ఉన్న చోట అది పనికొస్తుంది.

ఇప్పుడు టీ1 కట్టలు బాగా తగ్గిపోయాయి, ఆ స్థానాన్ని ఫైబర్, ఈథర్నెట్ తీసుకున్నాయి. కానీ డేటా సెంటర్లలో స్విచ్‌ల మధ్య ఈథర్నెట్ లింకుల్ని కట్టగా కట్టడం రోజూ ఉండే పనే. 2000లో 802.3ఏడీగా వచ్చి, 2008లో 802.1ఏఎక్స్‌లోకి మారిన ప్రమాణం అది. ప్యాకెట్లని ముక్కలు చెయ్యదన్నది తేడా. కానీ సగం లింకులు పోయినా "అప్" అని చెప్పే గుణం మాత్రం అలాగే ఉంది.

ఆ సోమవారం నేను చేసిన మరమ్మతు పది నిమిషాల పని. రెండో కార్డుకి ఒక్క ఆదేశం, దాని కింద రెండు కంట్రోలర్లు, రెండు సీరియల్ లైన్లు, అంతే. శనివారం రాత్రి లైన్లు లెక్కపెట్టి ఉంటే అందుకు ఒక్క నిమిషం పట్టేది. అప్పటినుంచి ఏ రౌటర్ మార్చినా, ఇంటికి బయల్దేరే ముందు నన్ను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: నాలుగు లైన్లూ వచ్చాయా?