ఫ్లారెన్సు కంచు వరాహము: దాని ప్రతులు

ఇటలీదేశమున ఫ్లారెన్సు నగరమందు 'క్రొత్తయంగడి' యను చావడియొద్ద జలయంత్రముగా నమర్పబడిన కంచు వరాహము జగత్ప్రసిద్ధము. వెనుకకాళ్లు మడిచి కూర్చుండి, ముంగాళ్లూని లేవబోవుచున్న యీ యడవిపందిని పురజనులు 'పోర్చెల్లీనో', అనగా పందిపిల్ల, యని ముద్దుగా పిలుతురు. చూడబోయిన నది కోఱలు దేఱిన పెద్దపంది! దీని ప్రతులు ఖండాంతరములకు బోయినవి. ప్రతి యొకటి కనబడినపుడు, ఇది దేనిని జూచి చేసినదను ప్రశ్న పుట్టును. తాళపత్రగ్రంథములను పరిష్కరించువారి కీ ప్రశ్న క్రొత్తగాదు.

ముందుగా వంశక్రమము. నాలుగవ పయస్ పోపు 1560లో మొదటి కోసిమో ప్రభువునకు పాలఱాతి వరాహము నొకదాని నొసగెను. అది నేడు ఉఫ్ఫీజీ చిత్రశాలలో నున్నది. అదియు స్వతంత్రశిల్పము గాదనియు, నశించిన గ్రీకుశిల్పమునకు రోమనుకాలపు ప్రతి యనియు పలువురు పండితుల మతము. దానిని జూచి 1633 ప్రాంతమున పియెత్రో తాక్కా యను శిల్పి కంచున పోతపోసెను. తాక్కా పోసిన మూర్తి యిపుడు బార్దీనీ మ్యూజియమున భద్రముగా నున్నది. అంగడియొద్ద నీరు గ్రక్కుచున్నది 1998లో పోసిన ప్రతి. కావున మనము మూలమనుకొనునదియే మూడవ తరముది; యాత్రికులు చేయి వేయునది నాలుగవ తరముది.

శాఖలను వేఱుచేయు గుర్తు పీఠమున గలదు. తాక్కా పాలఱాతిమూర్తిని జూచి పోయుటతో దృప్తినొందక, పీఠమునిండ చిత్తడినేల మొక్కలను, కప్పలు, పాములు మొదలగు జీవులను జేర్చెను. ఇవి యున్న ప్రతి తాక్కా శాఖలోనిది. లేనంతమాత్రమున గాదనరాదు. పీఠము విడిచి పందిని మాత్రమే పోసికొన్నవా రుండవచ్చును; లేఖకుడు ప్రక్షిప్తమును వదలి తక్కినది వ్రాసికొన్నట్లు.

ముట్టె నిమిరినవారు మరల ఫ్లారెన్సు చూతురని నమ్మకము. ఆ రాపిడిచే, ఒడలెల్ల నల్లబడియున్నను, ముట్టెమాత్రము పసిడివలె మెఱయును. ప్రతులతోపాటు ఆచారమును ప్రయాణము చేసినది. ఆస్ట్రేలియాలో సిడ్నీ యాసుపత్రి ముంగిట 1968లో నొక ప్రతిని నిలిపిరి. అచట శస్త్రవైద్యులైన ఫియాస్కీ తండ్రికొడుకుల స్మారకముగా నా కుటుంబపు టాడుపడుచు దాని నొసగెను. ముట్టె నిమిరి వేసిన నాణెము లాసుపత్రికి జేరును. అదృష్టము మాట యెట్లున్నను, రోగుల కుపకారము నిజము.

కెనడాలో విక్టోరియా చెంతనున్న బుచార్ట్ ఉద్యానమువారు 1973లో ఫ్లారెన్సునుండి ప్రతిని గొనితెచ్చి, దానికి 'తాక్కా' యని పేరిడిరి. గద్యలో కవినామము నిలిచినట్లు, ఇచట శిల్పి పేరు పందికి నిలిచినది. శాఖానిర్ణయమునకు 'పోర్చెల్లీనో' కన్న నీ పేరే యెక్కువ యుపకరించును.