ఐదు సమానమైన మెట్లు

ఓరుగల్లు భజన మందిరములలో హార్మోనియము వినని శ్రోతలుండరు. దాని నల్లమెట్లను మాత్రమే నొక్కి చూడుడని మా మనవి. (1940లో వెలివేసిన ఆ పెట్టెను మా రేడియోవారు 1971 దాక తిరిగి రానీయలేదు, నేడదియే మాకు సాక్షి!) మూడు మెట్ల గుంపులో మొదటిది షడ్జమైనచో మోహన వినబడును. తక్కినవానిని వరుసగా షడ్జము చేసినచో మధ్యమావతి, హిందోళము, శుద్ధసావేరి, ఉదయరవిచంద్రిక పలుకును. ఇదియే గ్రహభేదము. మెట్ల నడుమ దూరములు సమానము కాకుండుటచేతనే ఇది సాధ్యమైనది.

స్థాయిని సరిగా ఐదు సమభాగములు చేసినచో? షడ్జమునకు సెకండునకు 240 కంపనములనుకొందము. మోహనకు 270, 300, 360, 400 కావలెను. సమవిభజనలో సుమారు 276, 317, 364, 418 వచ్చును. పంచమము నాలుగు కంపనములే హెచ్చినను తంబురా శ్రుతిలో చెవికి గుచ్చుకొనును. గాంధారమా, శుద్ధమధ్యమపు (320) గుమ్మము దాక పోయినది!

జావా ద్వీపపు గమెలాన్ బృందములలోని స్లెండ్రో యీ విభజనకు దగ్గరిది. అదియు బృందమునకొక తీరు. ఆ కంచు వాద్యముల నాదమున కదియే యింపు. మన గాయకుడు మాత్రము అందు గ్రహభేదము చేయబోయినచో ఐదు చోట్లను ఒకే రాగమెదురగును.